ఇసుకలో వ్రేలు, గాజుపై వ్రేలు

గూడూరు పేరు చెప్పగానే వర్తకునకు నిమ్మకాయలు జ్ఞప్తికి వచ్చును. ప్రయాణికునకు చెన్నపట్టణమునకొకటి, బెజవాడకొకటి, రేణిగుంటకొకటిగా దారులు చీలు రైలు కూడలి జ్ఞప్తికి వచ్చును. ఖనిజముల నెరిగినవారికి సైదాపురపు గనుల అభ్రకమును, చిల్లకూరు, కోట మండలముల తీరభూములలో తెల్లగా పరచుకొనియున్న సిలికా ఇసుకయు జ్ఞప్తికి వచ్చును. ఆ ఇసుక లారీలకెక్కి దూరప్రాంతముల గాజు కర్మాగారములకు పోవుట ఈ సీమవారు చిరకాలముగ చూచుచున్న దృశ్యము. అయితే గాజుగా కరగుటకంటె ఎంతయో ప్రాచీనమైన ఉద్యోగమొకటి ఇసుకకు మన దేశమున ఉండెడిది. పసిబిడ్డ చూపుడువ్రేలి క్రింద అది అక్షరమై నిలిచెడిది.

నేడు ఆంధ్రప్రదేశమునందలి ఉన్నత పాఠశాలలలో అనేక తరగతిగదుల గోడలకు పెద్ద గాజుతెరలు బిగింపబడియున్నవి. ఉపాధ్యాయులు వానిని ఐ.ఎఫ్.పి. (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్)లనియు, పిల్లలు డిజిటల్ బోర్డులనియు పిలుచుచున్నారు. సుద్దముక్క లేకయే, వ్రేలితో తాకినంతమాత్రమున ఆ తెరపై గీత పడును, పటము కదలును, అక్షరము వెలుగును. ఇసుకలో వ్రేలు పెట్టిన ముత్తాతకును, గాజుపై వ్రేలు పెట్టుచున్న మునిమనుమనికిని నడుమ రెండువందల యేండ్ల చరిత్ర గలదు. ఆ చరిత్రను పరిశీలించినవారికి ఒక విషయము స్ఫుటముగ గోచరించును: ఏ వ్రాతబల్లయైనను రెండు కొలతలకు నిలువవలెను. బీదబడి దానిని భరింపగలుగునా యనునది మొదటిది. పిల్లవాని చేయి దానిని చేరగలుగునా యనునది రెండవది.

ఇసుకలో అక్షరములు దిద్దించిన నాటి వీధిబడికి ప్రత్యేకముగ కట్టడమనునది అరుదు. ఊరిలో ఒక పెద్దయింటి అరుగో, దేవాలయ మండపమో, చెట్టునీడయో బడియగుచుండెను. చదువు చెప్పు పెద్దను ఈ ప్రాంతమున అయ్యవారనెడివారు. ఆయనకు జీతమనునది ఏ ఖజానా నుండియు వచ్చునది కాదు. పిల్లల తలిదండ్రులు ఇచ్చు కొద్దిపాటి రొక్కమును, ధాన్యమును, పండుగపబ్బములకు ఇచ్చు కానుకలును ఆయన జీవికకు ఆధారములు. దసరా దినములలో పిల్లలను వెంటబెట్టుకొని, విల్లంబులు వారి చేతికిచ్చి, పాటలు పాడించుచు ఇంటింటికి తిరిగి అయ్యవార్లు కట్నములు గ్రహించుట మొన్నమొన్నటి వరకు నిలిచిన ఆచారము. ఇట్టి బడి యేర్పడుటకు కావలసిన మూలధనము ఒక మనుష్యుడును, కొన్ని దోసిళ్ల ఇసుకయును మాత్రమే.

అక్షరాభ్యాసమునాడు పళ్లెములో పోసిన బియ్యముపై బిడ్డ చేయి పట్టి వ్రాయించెడివారు. ఆ శుభదినము గడచిన వెనుక బియ్యమునకు బదులు ఇసుక వచ్చెడిది. నేలపై పలుచగా పరచిన ఇసుకలో అయ్యవారు గాని, పై తరగతి పిల్లవాడు గాని అక్షరమును దిద్ది చూపగా, క్రొత్తగా చేరిన బిడ్డ ఆ గాడిలోనే వ్రేలు నడిపించుచు, అక్షరము పేరును ఎలుగెత్తి పలుకుచు, మరల మరల దిద్దెడివాడు. కన్ను చూచుట, చేయి నడచుట, నోరు పలుకుట, చెవి వినుట యనునవి నాలుగును ఒక్క క్షణమున ఏకమగుటయే ఆ పద్ధతిలోని రహస్యము. తప్పు వచ్చినచో అరచేతితో చదును చేసిన చాలును, తప్పు మాయమై శుభ్రమైన పుట మరల సిద్ధమగుచుండెను. తప్పు వ్రాయుటకు భయము లేకుండుట విద్యార్థికి ఎంతటి వరమో బోధనానుభవము గలవారు ఎరుగుదురు.

ఈ బడులను గూర్చి మనకు దొరకుచున్న లిఖిత సాక్ష్యములలో ముఖ్యమైనవి పందొమ్మిదవ శతాబ్ది ప్రథమ పాదమునాటివి. 1801లో కర్ణాటక నవాబుతో జరిగిన ఒడంబడిక వలన నెల్లూరు సీమ కుంపిణీ పాలనకు వచ్చెను. అంతకు కొలది కాలము ముందే దత్తమండలములు, అనగా నేటి రాయలసీమలో అధికభాగము, కుంపిణీకి లభింపగా, అచ్చట 1800 మొదలు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో తరువాతి కాలమున చెన్నపట్టణమునకు గవర్నరై, 1822లో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) యందలి బడులెన్ని, చదువువారెందరు, చదువునది యేమి యని జిల్లా కలెక్టర్ల నుండి నివేదికలు కోరెను. అవి చేరిన పిమ్మట 1826లో ఆయన వ్రాసిన లేఖ్యమున 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును లెక్కకు వచ్చిరి. అప్పటి రాజధాని జనసంఖ్య సుమారు కోటి ఇరువదియెనిమిది లక్షలు. అనగా ప్రతి వేయిమందికి ఒక బడి యుండెనన్నమాట. ఆ లెక్కలో బాలికల సంఖ్య అత్యల్పమనియు, ఇండ్లలో చదువుకొను పిల్లలు దానిలో చేరలేదనియు మరువరాదు.

ఆ నివేదికలలో మకుటాయమానమైనది 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంబెల్ వ్రాసినది. ఆయన తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును రచించిన పండితుడు కావున, బడులను లెక్కించుటతో తృప్తిపడక, వాని లోపలి నడవడిని గూడ వివరముగ వ్రాసెను. ఆయన జిల్లాలో కన్నడ, తెలుగు మున్నగు భాషల బడులన్నియు కలిసి 533. ఉదయమున అందరికంటె ముందుగ బడి చేరిన బాలుని అరచేత గౌరవసూచకముగ సరస్వతి పేరు వ్రాసెదరనియు, రెండవవాని చేతిలో సున్న చుట్టెదరనియు, మూడవవాడు మొదలు వచ్చినవారికి వరుసగా బెత్తపు దెబ్బలు పెరుగుచు పోవుననియు ఆయన తెలిపెను. పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుదురు. చేయి కుదిరిన వెనుక తాటాకుపై ఇనుప గంటముతోనో, కాగితముపై కలముతోనో వ్రాయుదురు. లేదా పలకపై గాని, కడితముపై గాని బలపముతో వ్రాయుదురు.

ఆ పలకయు, కడితమును ఎట్టివో క్యాంబెల్ వర్ణించిన తీరు మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది. పలకయనగా ఇంచుమించు అడుగు వెడల్పును, మూడడుగుల పొడవును గల కొయ్య. దానిని నునుపు చేసి, బియ్యపు పదార్థముతో బొగ్గుపొడి కలిపి పూయుదురు. కడితమనగా గంజి పెట్టి బిగువు చేసి, మసి పూసి, మడతలు మడతలుగా పుస్తకమువలె కూర్చిన గుడ్డ. రెండింటి పైనను తెల్లని బలపముతో వ్రాసి, కావలసినప్పుడు చెరిపి, మరల వ్రాయవచ్చును. నల్లని తలముపై తెల్లని వ్రాత యను భావము పడమటి దేశముల నుండి నల్లబల్లగా మనకు దిగుమతి కాకపూర్వమే మన వీధిబడులలో సర్వసామాన్యమై యుండెనని దీనివలన తేలుచున్నది. వర్తకులు తమ పద్దులను కడితములపైననే వ్రాసికొనుచుండిరి. అంగడిలోని వస్తువే బడిలోనికి వచ్చుటచే దానికి వేరుగా ధర యనునది లేకపోయెను.

క్యాంబెల్ ఈ పద్ధతిలోని రెండు గుణములను ప్రశంసించెను: వ్రాత నేర్పుటలో కనబడు మితవ్యయమొకటి, పెద్ద విద్యార్థులచే చిన్న విద్యార్థులకు చెప్పించుట రెండవది. ఇంగ్లండులో దీని ననుకరించుట సముచితమే యని ఆయన ఒప్పుకొనెను. ఆయనయే మరియొక కఠోర సత్యమును గూడ దాచక వ్రాసెను. యూరపు నుండి వచ్చిపడిన బట్టల వలన ఇచ్చటి నేతపని దెబ్బతినుట మున్నగు కారణములచే మధ్యతరగతివారును, బీదవారును అయ్యవారికి ఇచ్చు స్వల్పమైన ఫీజును గూడ భరింపలేక పిల్లలను బడి మాన్పించుచున్నారనియు, ఒకప్పుడు బడులున్న గ్రామములలో ఇప్పుడు బడులు లేవనియు ఆయన తెలిపెను. ఇసుక ఉచితమే, కాని అయ్యవారికి అన్నము ఉచితము కాదు. సాధనమెంత చవుకయైనను, దానిని నడపు మనుష్యుని పోషింపలేని సమాజమున బడి నిలువదని ఆ నివేదిక రెండువందల యేండ్ల క్రిందటనే హెచ్చరించినది.

ఇంగ్లండు అనుకరించుటను గూర్చి క్యాంబెల్ వ్రాసిన మాట వెనుక ఒక కథ గలదు. గూడూరికి దక్షిణమున రైలు దారిని సుమారు 140 కిలోమీటర్ల దూరముననున్న చెన్నపట్టణమున, ఎగ్మూరులో, సైనికుల అనాథ బాలురకై నెలకొల్పబడిన ఆశ్రమమునకు 1789లో ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు అధ్యక్షుడయ్యెను. ఒకనాటి ఉదయమున గుఱ్ఱముపై పోవుచు, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు నేలపై పరచిన ఇసుకలో వ్రేళ్లతో అక్షరములు దిద్దుచుండుట ఆయన చూచెను. తన ఆశ్రమమున కూడ అట్లే నేర్పింపగోరగా అచ్చటి ఉపాధ్యాయులు సమ్మతింపలేదు. అంతట ఆయన జాన్ ఫ్రిస్కిన్ అను ఎనిమిదేండ్ల బాలునికి చిన్నపిల్లల తరగతిని అప్పగించి, ఇసుకలో అక్షరములు నేర్పించెను, ప్రయోగము ఫలించెను. స్వదేశమునకు మరలిన వెనుక 1797లో లండనున ఆయన ప్రకటించిన చిన్న గ్రంథమువలన ఆ పద్ధతి ‘మద్రాసు పద్ధతి’ యను పేర ప్రఖ్యాతిగాంచెను. లండనున బీదపిల్లల చదువునకై పాటుపడిన జోసెఫ్ లాంకాస్టరు బడులలో గూడ పసిపిల్లలకు ఇసుకబల్లలు ఏర్పడెను. లండను మురికివాడల బీదపిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దిన ఆ దినములలో, మన అరుగులపై కూర్చుండి దిద్దిన అజ్ఞాత బాలురే వారికి గురువులైరనుట అతిశయోక్తి కాదు.

పందొమ్మిదవ శతాబ్ది తొలిదినములలోనే పాశ్చాత్య దేశములలో గోడకు తగిలించు నల్లబల్ల పుట్టెను. అమెరికాలో వెస్ట్‌పాయింటు సైనిక విద్యాలయమున 1801లో జార్జి బారన్ గణితమును బోధించుటకు దానిని వాడెనందురు. ఎడింబరో ఉన్నత పాఠశాలలో జేమ్స్ పిలన్సు భూగోళమును రంగుసుద్దలతో దానిపై గీసి చెప్పెనందురు. ఒక్క బల్లతో ఏబదిమందికి పాఠము చెప్పవచ్చుననునది దాని మహత్తు. 1854 నాటి వుడ్ నిర్దేశపత్రము, గ్రాంటుల పద్ధతి, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలు, 1884 నాటి మద్రాసు స్థానిక పరిపాలనా శాసనము వలన బలపడిన జిల్లా, తాలూకా బోర్డులు, వీనితో పాటు నల్లబల్ల కూడ మన పల్లెలకు వచ్చెను. తాలూకా కేంద్రమైన గూడూరు వంటి పట్టణములలో బోర్డు బడి ఏర్పడుట గౌరవచిహ్నమయ్యెను. వీధిబడి అయ్యవారు క్రమముగా సర్కారు జీతగాడైన పంతులయ్యెను.

ఈ మార్పులో ఒక సూక్ష్మము గలదు. వీధిబడిలో పిల్లలు నేలవైపు చూచెడివారు. ఎవని ఇసుక వానిది, ఎవని అక్షరము వానిది. నల్లబల్ల వచ్చిన పిదప అందరును గోడవైపు తిరిగిరి. వ్రాయునది ఒక్క పంతులు, చూచునది తక్కిన తరగతి. చూచుట పెరిగి, దిద్దుట తగ్గెను. ఈ కొరతను చాలవరకు తీర్చినది రాతిపలక. ఒకప్పుడు కర్నూలు జిల్లాలోను, 1970 తరువాత ప్రకాశము జిల్లాలోను చేరిన మార్కాపురము ఈ పలకలకు ప్రసిద్ధి. అచ్చటి గనులలో పొరలుపొరలుగా చీలు నల్లరాతిని కోసి, నునుపు చేసి, చెక్కచట్రమున బిగించిన పలకలు తెలుగుదేశమంతట పసిపిల్లల సంచులలో చేరెను. కొయ్యపలక వెలిసిపోయినచో బొగ్గును, దొండాకు పసరును కలిపి రుద్ది, ఎండబెట్టి, పిల్లలే దానిని మరల నల్లగా చేసికొనెడివారు. పనిముట్టు చెడినప్పుడు దానిని బాగుచేయు శక్తి పిల్లవాని చేతిలోనే యుండుట సామాన్య విషయముగ తోచవచ్చును గాని, చరిత్రలో దాని విలువ చాల గొప్పది. గోడపైని నల్లబల్లయు ఒడిలోని పలకయు కలిసి నూరేండ్లకు పైగా మన చదువును మోసినవి.

ఆ నల్లబల్లయైనను అందరికిని అందలేదు. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి, 1987లో కేంద్రప్రభుత్వము ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ అను పథకమును ఆరంభించుట దీనికి సాక్ష్యము. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసము రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, నల్లబల్ల మొదలగు బోధనోపకరణములు ఉండవలెననునది దాని సంకల్పము. స్వాతంత్ర్యము వచ్చిన నలుబది సంవత్సరములకు గూడ ఒక నల్లబల్ల కొరకు జాతీయస్థాయిలో ఉద్యమింపవలసి వచ్చెననిన, సాధనము కనుగొనబడుటకును, అది పల్లెబడికి చేరుటకును నడుమనున్న దూరమెంతటిదో ఊహింపవచ్చును.

దీనికి ముందే ఆకాశమార్గమున మరియొక ప్రయత్నము సాగెను. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరకాలము, అమెరికా వారి ఉపగ్రహము సహాయముతో, మన రాష్ట్రముతో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమయ్యెను. గూడూరికి దక్షిణముననున్న సూళ్లూరుపేట చెంత, పులికాటు సరస్సునకు ఆవల, శ్రీహరికోట ద్వీపమున రాకెట్లు ఎగురుట 1971లోనే ఆరంభమయ్యెను. అచ్చటి నుండియే 2004 సెప్టెంబరు 20న కేవలము విద్యాసేవకై నిర్మింపబడిన ఎడ్యుశాట్ అంతరిక్షమునకు లేచెను. సైదాపురపు అభ్రకము విద్యుత్తును అడ్డగించు పొరగా యంత్రములలో అమరెను. తీరపు ఇసుక గాజయ్యెను. పొరుగుననున్న ద్వీపము నుండి ఉపగ్రహము పాఠములు మోసికొని పోయెను. విద్యుద్యుగమునకు ఈ సీమ ఇచ్చినది కొద్దిది కాదు. కాని టెలివిజనులో కూడ పిల్లవాడు ప్రేక్షకుడే. చెప్పువాని మాట ఇటు వచ్చును. పిల్లవాని సందేహము అటు పోదు, వాని వ్రేలు తెరను కదలింపదు.

వ్రేలు తెరను కదలింపగల బల్ల 1991లో కెనడా దేశమున క్యాల్గరీ నగరమున పుట్టెను. డేవిడ్ మార్టిన్, నాన్సీ నోల్టన్ అను దంపతులు 1987లో స్థాపించిన స్మార్ట్ టెక్నాలజీస్ సంస్థ ఆ సంవత్సరమున తన ‘స్మార్ట్ బోర్డు’ను విపణిలోనికి తెచ్చెను. కంప్యూటరులోని చిత్రమును ప్రొజెక్టరు తెల్లబల్లపై పడవేయును. బల్లను తాకిన చోటు కంప్యూటరుకు తెలియును. ఇట్లు బల్లయే కంప్యూటరునకు ద్వారమగును. తరువాతి దశాబ్దమున ఇంగ్లండులో ప్రభుత్వము పూనుకొని బడులకు వీనిని విరివిగా సమకూర్చెను. అయితే ఒక్కొక్కదాని ధర వేయి డాలర్లకు మించియుండుటచే మన దేశపు బీదబడికి అది చాలకాలము చిత్రములోని వస్తువుగనే యుండెను.

ఈ ధర గోడకు తొలి గండి కొట్టినవాడు ఒక విద్యార్థి. పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచుండిన జానీ చుంగ్ లీ, 2007 డిసెంబరులో, పిల్లలు ఆడుకొను నింటెండో ‘వీ’ యంత్రపు చేతిరిమోటుతో డిజిటల్ బోర్డును తయారుచేయు విధానమును లోకమునకు చూపెను. సుమారు నలుబది డాలర్ల విలువగల ఆ రిమోటు ముఖమున పరారుణ కాంతిని చూడగల చిన్న కెమెరా గలదు. చివర పరారుణ దీపము అమర్చిన కలమును చేతబట్టి గోడపై నడిపించినచో, రిమోటు ఆ చుక్క కదలికను కనిపెట్టి, బ్లూటూత్ మార్గమున కంప్యూటరునకు తెలుపును. కంప్యూటరు ఆ చోట గీత గీయును. తాను వ్రాసిన సాఫ్ట్‌వేరును ఆయన ఉచితముగ పంచిపెట్టగా, దేశదేశములలోని ఉపాధ్యాయులు దానిని తమ గదులలో ప్రయత్నించిరి. దానికి లోపములు లేకపోలేదు. వ్రాయువాని వీపు రిమోటుకు అడ్డము వచ్చినచో గీత తెగును. రిమోటు ఇంచుక కదలినచో కొలతలను మొదటి నుండి సరిచేసికొనవలెను. ప్రొజెక్టరు, కంప్యూటరు ఎట్లును ఉండియే తీరవలెను. అయినను వస్తువు విలువ ధరలో లేదనియు, సూత్రము తెలిసినవాడు అంగడిలో దొరకు ఆటవస్తువుతో సయితము బడికి కావలసినది సాధింపగలడనియు ఆ ప్రయోగము నిరూపించినది. వర్తకుని కడితమును పాఠశాలకు తెచ్చిన అయ్యవారి బుద్ధియును, ఆటగాని రిమోటును తరగతికి తెచ్చిన ఈ యువకుని బుద్ధియును ఒక్క జాతివే.

తదుపరి కాలమున ప్రొజెక్టరును, కంప్యూటరును, బల్లను వేరువేరుగ కూర్చవలసిన అవసరము లేకుండ, మూడింటిని ఒక్క తెరలో ఇమిడ్చిన ప్యానెళ్లు వచ్చెను. వీనిలో అధికభాగము పనిచేయు తీరు సులభగ్రాహ్యమే. తెర అంచుల చుట్టును కంటికి కనబడని పరారుణ కిరణములు అడ్డముగను నిలువుగను వలవలె అల్లుకొనియుండును. వ్రేలు ఆనిన చోట కొన్ని కిరణములు తెగును. తెగిన అడ్డగీతను, నిలువుగీతను బట్టి వ్రేలి చోటు నిర్ణయమగును. నీడ పడు బాధ లేదు. ప్రత్యేకమైన కలము అక్కరలేదు. పసిబిడ్డ వ్రేలైనను చాలును.

2018 ఫిబ్రవరిలో కేంద్ర ఆర్థికమంత్రి తన బడ్జెటు ప్రసంగమున నల్లబల్ల నుండి డిజిటల్ బోర్డునకు సాగవలెనని ఉద్ఘాటించెను. మరుసటి సంవత్సరమున ‘ఆపరేషన్ డిజిటల్ బోర్డు’ ఆరంభమయ్యెను. అప్పటికి ముప్పదిరెండేండ్ల క్రిందటి పథకపు పేరు అందు ప్రతిధ్వనించుట గమనింపదగినది. మన రాష్ట్రమున 2019 నవంబరు 14న ఒంగోలులో ‘మనబడి నాడు–నేడు’ ప్రారంభమై, మొదటి విడతగా 15,715 పాఠశాలలలో నీరు, మరుగుదొడ్లు, విద్యుత్తు, బల్లలు, ఆకుపచ్చని సుద్దబల్లలు సమకూర్చుట జరిగెను. ఆ పునాదిపై, 2023లో, ఆరవ తరగతి మొదలు పై తరగతుల గదులలో 30 వేలకు పైగా ప్యానెళ్లును, ప్రాథమిక పాఠశాలలలో స్మార్ట్ టీవీలును అమర్చబడెను. అంతకు ముందటి సంవత్సరము ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుండి క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరిన గూడూరు ప్రాంతమునకు ఇట్లు క్రొత్త జిల్లా, క్రొత్త బల్ల ఇంచుమించు ఒక్కసారియే వచ్చెను. సుద్దబల్లయు విద్యుత్తును ముందు వచ్చి, గాజుతెర వెనుక వచ్చుట సరియైన క్రమము. దీపము లేని గదిలో తెరయేమి చేయగలదు?

ఇప్పుడు మనము మొదట చెప్పుకొన్న రెండవ కొలతను, అనగా పిల్లవాని చేయి బల్లను చేరగలుగునా యనుదానిని, తలచుకొందము. గూడూరు ప్రాంతపు తరగతిలో తెలుగుగంగను గూర్చి పాఠము జరుగుచున్నదనుకొందము. శ్రీశైలము నుండి బయలుదేరిన కృష్ణాజలము సోమశిలకును, అచ్చటి నుండి ఈ సీమకు చేరువనున్న కండలేరునకును, ఆపై పూండి జలాశయమునకును చేరి చెన్నపట్టణపు దాహము తీర్చుచున్న వృత్తాంతమును వీడియోగా చూపవచ్చును. పది నిమిషములలో అది ముగియును, పిల్లలు సంతోషింతురు. అదే తెరపై దక్షిణాంధ్రదేశపు పటమును మాత్రము నిలిపి, ఒక బాలికను పిలిచి, కాలువ దారిని వ్రేలితో గీయుమనినచో, ఆమె గీత మొదట కొండనెక్కును; తరగతి అంతయు కాదని కేకవేయును; ఆమె చెరిపి, పల్లపు దారిని వెదకి, కండలేరును చేరును. నీరు పల్లమెరుగునను సామెత ఆ క్షణమున ఆమెకు భూగోళశాస్త్రమగును. రెండు పాఠములకును తెర ఒక్కటియే, విద్యుత్తు ఖర్చు ఒక్కటియే. మొదటి దానిలో తెర టెలివిజను. రెండవ దానిలో అది ఇసుక. చెరిపి మరల వ్రాయు స్వాతంత్ర్యమును, చేయి నడచుచుండగా మనస్సు నడచు మార్గమును ఇసుకకు పిదప ఒక సామూహిక తలముపై ఇచ్చిన సాధనము ఇదియే. దానిని కేవలము చూపుడు పెట్టెగా వాడుట దాని జన్మప్రయోజనమును కాలదన్నుట.

అయితే ఇసుకతో గాజును పోల్చునప్పుడు భేదమును గూడ నిజాయితీగ చెప్పవలెను. ఇసుక నలుబదిమందికి నలుబది చోట్ల నుండెను. తెర నలుబదిమందికి ఒక్కటి. కావున ఒకడు తెరవద్ద వ్రాయుచుండగా తక్కినవారి ఒడిలో పలకయో నోటుపుస్తకమో ఉండి, వారును అదే పనిని చేయుచుండవలెను. వెలిసిన పలకను పిల్లవాడు దొండాకుతో బాగుచేసికొనెను. చెడిపోయిన ప్యానెలును బాగుచేయువాడు ఊరిలో లేడు. ఉప్పుగాలియు, తుపానులును, విద్యుత్తు హెచ్చుతగ్గులును తీరప్రాంతమునకు క్రొత్తవి కావు. చౌకగా కొనుట ఒక యెత్తు, చౌకగా నిలుపుకొనుట మరియొక యెత్తు. ఈ ప్రాంతపు ఐ.టి.ఐ.లలోను, ఇంజనీరింగు కళాశాలలలోను చదువుచున్న యువకులకు ఈ తెరల మరమ్మతును పాఠ్యాంశముగ నేర్పి, ఒక్కొక్క మండలమునకు ఇద్దరు ముగ్గురిని తయారుచేసినచో, బడికి మేలు, వారికి జీవనోపాధి. సుద్దబల్లను మాత్రము ఏ గది నుండియు తొలగింపరాదు. కరెంటు పోయిన పూట పాఠమాగిపోవుట బడికి తగదు.

అన్నిటికంటె మించినది క్యాంబెల్ నివేదికలోని ఆ పాత హెచ్చరిక. సాధనమునకు పెట్టిన ధనము సార్థకమగుట దానిముందు నిలుచు మనుష్యునిపై ఆధారపడియున్నది. తెరను అమర్చుటకు ఒక దినము చాలును. దానితో పాఠమును అల్లుట నేర్చుటకు ఉపాధ్యాయునికి తీరికయు, శిక్షణయు, తోటివారి సహాయమును కావలెను. పిల్లలలో నేర్పరులచే వెనుకబడినవారికి చెప్పించిన వీధిబడి సంప్రదాయము ఇచ్చటను పనికివచ్చును. తెరను నడపుటలో పదమూడేండ్ల పిల్లవాడు ఉపాధ్యాయునికి చేదోడగుట అవమానము కాదు, అది మన ప్రాచీన పద్ధతియే. ఎగ్మూరులో ఎనిమిదేండ్ల బాలుడు చేసి చూపిన పని అది.

కావున ఈ సీమ ఉపాధ్యాయ మహాశయులకు నా విన్నపమొక్కటియే. ప్రతిదినము, ప్రతి పాఠమున, కనీసము ఒక బిడ్డను తెరవద్దకు పిలువుడు. చురుకుగ చేయి ఎత్తువానిని మాత్రమే పిలువకుడు. వెనుక వరుసలో గోడకు ఆనుకొని, తనను పిలువరాదని కోరుకొను బిడ్డను గూడ పిలువుడు. వాని వ్రేలు ఆ గాజును తాకనిండు, తప్పు గీయనిండు, చెరుపనిండు, మరల గీయనిండు. మన అయ్యవార్లు ఇసుకలో చేసిన పని ఇదియే.